ఎడమ సీటులో తాడు

ఆనందయ్య బండిని పికప్ అంటారు గానీ దానికి పికప్పు లేదు. ఎత్తు ఎదురైతే ముందు దమ్ము తీసుకుంటుంది, తర్వాత దగ్గుతుంది, ఆపైన ఆలోచిస్తుంది. పాత డీజిల్ బండి కాబట్టి ఆ ఆలోచన కూడా నల్లగా వెనక గొట్టంలోంచే వస్తుంది. దానికి సైలెన్సర్ ఉంది, సైలెన్స్ లేదు. సైలెన్స్ అంతా ఆనందయ్య గదిలో ఉంది. భార్య యేసమ్మ పోయినప్పటి నుంచీ ఆ గదిలో చప్పుడు చేసేది గోడ గడియారం ఒక్కటే. బ్యాటరీ అయిపోతే అదీ అలుగుతుంది. పిల్లలు లేరు. పేరులో ఉన్న ఆనందం పేరులోనే ఆగిపోయి, వయసు మాత్రం అరవై దాటి ముందుకు పోయింది.

ప్రొద్దుటూరులో ఎవరికైనా పొద్దు ఇట్టే పోతుంది. బంగారు అంగళ్ళ వీధిలో ఒక చుట్టు తిరిగితే చాలు, ఏమీ కొనకుండానే మొహం పసుపు రంగుకు తిరుగుతుంది. ఆనందయ్యకు పొద్దు పోయేది మాత్రం లోడు బండ్ల స్టాండులో. ఒకప్పుడు అక్కడ అన్నీ ఇటువంటి పాత డీజిల్ పికప్పులే. వడ్ల మూటలు, బోరు పైపులు, నాపరాళ్ళు, పెండ్లి సామాన్లు, ఒక్కోసారి పెండ్లివాళ్ళను కూడా మోసేవి. ఇప్పుడు అన్నీ కొత్త మినీ లారీలు. తాళం తిప్పితే మారు మాట్లాడకుండా స్టార్టవుతాయి. ఆనందయ్య బండిని బతిమాలాలి. అతనికి అదే నచ్చుతుంది. రోజు మొత్తంలో అతను బతిమాలి మాట్లాడేది దానితోనే.

లోడు దొరికిన రోజు తోడు గుర్తుకు రాదు. లోడు లేని రోజు తోడు లేదు. బండిలో ఎడమ సీటు మీద మనిషి కూర్చుని చాలా కాలమైంది. అక్కడ తాడు కూర్చుంటుంది.

ఆ తాడు అజ్మతుల్లాది. అజ్మతుల్లా స్టాండుకు పెద్ద, ఆనందయ్యకు పక్క బండి. వాళ్ళ స్టాండులో ఒక కట్టుబాటు ఉండేది. కట్టుబాటు అంటే నిజంగా కట్టేదే. దారిలో ఎవరి బండి అయినా ఆగిపోతే, తాడు ఉన్నవాడు పోయి, కట్టి, ఊరు దాకా లాక్కురావాలి. కిరాయి అడగకూడదు. ఊరు చేరాక తాడు విప్పి, లాగించుకున్న వాడి దగ్గరే వదిలిపెట్టి పోవాలి. ఇక తర్వాత ఆగిన బండిని లాగే వంతు వాడిది. తాడును ఊరికే చేతికి ఇవ్వకూడదు. కొయ్యకూడదు. కట్టి, లాగి, విప్పి ఇవ్వాలి. తెలుగులో మగవాడు ఏ పని చేసినా చివర తాడే ఉంటుంది కదా: వస్తాడు, కడతాడు, లాగుతాడు, వదిలేస్తాడు. ఆ స్టాండులో అది వ్యాకరణం కాదు, వ్యవహారం.

చివరిసారి ఆగింది ఆనందయ్య బండి. ముద్దనూరు దగ్గర, మాడే ఎండలో, బోరు పైపుల లోడుతో. లాగింది అజ్మతుల్లా. దారి పొడుగునా కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, అంతా బాగుందని బొటనవేలు చూపిస్తూ వచ్చాడు. స్టాండు చేరాక తాడు విప్పి, చుట్ట చుట్టి, ఆనందయ్య ఎడమ సీటులో కూర్చోబెట్టాడు. "పిల్లను నీకాడ ఇడిసిపెడతాండా. మంచి సంబంధం చూడు" అన్నాడు.

ఆ వానాకాలంలోనే అజ్మతుల్లా పోయాడు. ఆ మాట చివర మాత్రం తాడు లేదు. తాడు ఆనందయ్య దగ్గర ఉండిపోయింది.

అప్పటి నుంచి అతని ముందు ఒక్క బండీ ఆగలేదు. స్టాండులో పాత బండ్లు ఒక్కొక్కటే పోయాయి, వాటితో పాటు కట్టుబాటు తెలిసిన వాళ్ళూ పోయారు. ఇప్పుడు ఆనందయ్య బండి వంతు వచ్చింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే నంబరు పలక తప్ప అన్నీ మార్చాలన్నారు ఆర్టీవో ఆఫీసులో. నంబరు పలక కోసం బండి కొనేంత స్తోమత అతనికి లేదు. పులివెందులలో పాత బండ్లు విడదీసి అమ్మే షెడ్డు ఉంది. దాని యజమాని యశ్వంత్‌తో మాట అయిపోయింది. ఈ రోజు సాయంత్రం లోపల బండి అప్పజెప్పాలి. జమ్మలమడుగులో నాపరాళ్ళు ఎక్కించి, వేములలో దించి, అక్కడి నుంచి పులివెందుల. అదే చివరి లోడు, చివరి రోడ్డు.

బండి పోతే పోనీ. కానీ తాడు? దాన్ని ఎవరికీ కట్టకుండా బండితో పాటు అప్పజెప్తే, అజ్మతుల్లా ఆ రోజు ఎండలో లాగిన లాగుడు ఆనందయ్య దగ్గరే ఆగిపోయినట్టు. సాయంత్రం లోపల ఎవరిదో ఒక బండి ఆగాలి. లోకంలో బండి నడవాలని మొక్కుకునేవాళ్ళే అందరూ. ఎదుటివాడి బండి ఆగాలని పొద్దున్నే ప్రార్థన చేసిన మనిషి ఆనందయ్య ఒక్కడే. ప్రార్థన ముగించి, ప్రభువు ఏమనుకుంటాడో అని, ఎవరికీ దెబ్బలు తగలకుండా ఆగాలని ఒక ముక్క కలిపాడు.

పొద్దున స్టాండులో తాడు దులుపుతుంటే అవినాష్ వచ్చాడు. స్టాండులో ఉన్న కొత్త మినీ లారీల్లో ఒకటి అతనిది.

"ఏంది మామా, తాడుకు తలంటి పోస్తాండావు? యాడికన్నా పెండ్లిచూపులకు పిల్సకపోతాండావా?"

"అవునప్పా. ఈపొద్దు దీన్ని ఒక ఇంటికి పంపియ్యాల. నీ బండి ఏమన్నా సతాయిస్తాందా?"

"నోరు మంచిది చేసుకో మామా. కొత్త బండి."

"కొత్తదైతే ఆగదా?"

"ఆగితే ఫోను కొట్టేది. పెద్ద బండొకటి వచ్చి సంకనెత్తుకుని పోతాది."

"నిన్నా, బండినా?"

"ఇద్దర్నీ." అవినాష్ నవ్వాడు. మళ్ళీ ఆనందయ్య మొహం చూసి కాస్త తగ్గాడు. "ఒక పని చేద్దాం. నేను ఇంజిన్ ఆపి కూసుంటా. నువ్వు ఆ టీ అంగడి దాకా లాగి, తాడు నాకిచ్చేయ్. అయిపాయ."

ఆనందయ్యకు టీ అంగడి కనపడుతూనే ఉంది. బండి కూడా ఎదురుగానే ఉంది. కానీ అజ్మతుల్లా కూడా ఎక్కడో ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

"ఆగినట్టు నటించే బండిని లాగితే, లాగినట్టు నటించినట్టేనప్పా" అని తాడును తీసి సీటులో కూర్చోబెట్టాడు.

"సాయంత్రం వస్తావు గదా?"

"నేను వస్తా. బండి రాదు."

అవినాష్‌కు అప్పుడు అర్థమైంది. ఏదో అనబోయాడు గానీ అంతలో అతనికి కిరాయి వచ్చింది. కిరాయి వచ్చినవాడికి మాట రాదు.

జమ్మలమడుగులో రాళ్ళు ఎక్కించే చోట బండి మీద బండలు పడుతుంటే స్ప్రింగులు ఒక్కొక్కటే మూలిగాయి. బండికీ బండకూ తేడా ఒక్క గుడే గానీ, మోసేది ఒకటి, మోయించుకునేది ఒకటి. కూలీలు తాళ్ళు బిగించి, "ఇంగ పో అప్పా" అన్నారు. ఊరు దాటగానే ఒక కారు బానెట్ ఎత్తి నిలబడి ఉంది. ఆనందయ్య తన ప్రార్థన పలికిందనుకున్నాడు. బ్రేకు తొక్కి, దిగి, తాడు భుజాన వేసుకుని పోయాడు.

కారు పక్కన తెల్లచొక్కా ఆయన ఫోను చూసుకుంటున్నాడు. తాడు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"లాగతా సార్. జమ్మలమడుగైతే జమ్మలమడుగు, ప్రొద్దుటూరైతే ప్రొద్దుటూరు. దుడ్లేమీ వద్దు."

"దుడ్లు వద్దంటే ఏందో ఉంటాది" అన్నాడాయన అనుమానంగా. "కంపెనీ వాళ్ళు వస్తాండారులే పెద్దాయనా. దీనికి తాడు కట్టేదానికి ల్యా. బంపరంతా ప్లాస్టిక్."

ఆనందయ్య వంగి కారు కిందికి చూశాడు. నిజమే, పైకి ఒక్క కొక్కెం కూడా కనపడలేదు. ఎవరూ పట్టుకుని లాగడానికి వీలు లేకుండా తయారు చేశారు. తన గది కూడా అంతే అనుకున్నాడు. నున్నగా, ఎవరికీ పట్టు దొరకకుండా.

ముద్దనూరు దాటాక రోడ్డు పక్కన ట్రాక్టర్ ఆగి ఉంది. అదే చోటు. అజ్మతుల్లా తనను లాగిన చోటికి పిలిస్తే పలికేంత దూరం. దేవుడు స్థలం కూడా చూసి ఆపాడు కదా అని ఆనందయ్య పొంగిపోయాడు. ట్రాలీ నీడలో పడుకున్న డ్రైవరును మెల్లగా తట్టి లేపాడు.

"ఏమయిందప్పా బండికి?"

వాడు ఒక కన్ను తెరిచాడు. "బండికి ఏమయింది? ఏం గాలే."

"ఆగింది గదా."

"బండి ఆగలే. నేను ఆగినా. అన్నం తిని పడుకున్నా." రెండో కన్ను కూడా తెరిచి, భుజాన తాడుతో నిలబడిన మనిషిని కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వు ఆ తాడు తీసుకుని ఒంటిగా యాడికి పోతాండావు పెద్దాయనా? ఏమన్నా కష్టమొచ్చిందా?"

ఆనందయ్యకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తాడును భుజం మీది నుంచి దించి చంకలో పెట్టుకున్నాడు. "అట్లాంటిదేం లేదప్పా. ఇది బండ్లు లాగేది" అన్నాడు. వాడు లేచి కూర్చుని, సీసాలో నీళ్ళు ఇచ్చి, అతను తాగి బండి ఎక్కేదాకా కళ్ళు మూయలేదు.

వేములలో రాళ్ళు దించేసరికి మధ్యాహ్నం దగ్గర పడింది. రాళ్ళు తెప్పించుకున్న ఇంటివాళ్ళు అన్నం తినమన్నారు. తిన్నాడు. రాళ్ళు ఎన్ని పగిలాయని అడిగారే గానీ ఇంకేం అడగలేదు. ఖాళీ బండి తేలిగ్గా ఎగురుతూ పులివెందుల దారి పట్టింది. ఊరి పేరులో పులి ఉంది, స్టీరింగు ముందు పిల్లి ఉంది. షెడ్డు ఇంక ఎంతో దూరం లేదు. ఎడమ సీటు వైపు చూసి, "నిన్నెవురూ చేసుకునేటట్టు లేరే" అన్నాడు.

అప్పుడు కనపడింది.

రోడ్డు పక్కన, ముందు చక్రం మట్టిలోకి దించి, ఒక పాత డీజిల్ పికప్. తన బండికి చెల్లెలి వరస. వెనక నిండా ప్లాస్టిక్ బుట్టల్లో చీనీ కాయలు, బయటి ఊళ్ళవాళ్ళకు బత్తాయిలు. డ్రైవరు సీటులో ఒక ఆడమనిషి కూర్చుని చీర కొంగుతో విసురుకుంటోంది. ఏభై దాటి ఉంటాయి. కొప్పులో పూలు లేవు గానీ మొహంలో కోపం ఉంది. ఆమె ప్రమీలమ్మ, వేముల పక్క పల్లెలో చీనీ తోట ఉన్న ఆసామి.

ఆనందయ్య ఈసారి తాడు తీసుకోకుండా దిగాడు. ముందు చూపు కొక్కెం మీదికి పోయింది. ఉంది. తుప్పు పట్టి, వంకరగా, నిజమైన ఇనుప కొక్కెం.

"బండి ఆగిందా అమ్మా, మీరు ఆగినారా?"

"ఏం మాటప్పా అది? నాకేం పని ఈ ఎండలో ఆగేదానికి? డీజిల్ పంపు పోయిందంట. మా డ్రైవరు ఎవురిదో బైకెక్కి మెకానిక్కును పిల్సకొస్తానని పోయినాడు. పోయినోని ఫోను గూడా పోయింది. మండీలో వేలం మొదలుపెడతారు ఇంగ."

"నేను లాగతా."

"ఎంతియ్యాల?"

"ఏమీ వద్దు."

ప్రమీలమ్మ విసురుకోవడం ఆపింది. "ఏమీ వద్దంటే నాకు బయం. అడిగేటోడైతే బేరమాడొచ్చు."

"తాడు తీసుకోవాల."

"ఏం తాడు?"

"లాగిన తాడు. ఊరు చేరినంక మీకాడ పెట్టుకోవాల. అంతే."

ఆమె అతన్ని, అతని బండిని, దాని పొగను మార్చి మార్చి చూసింది. "ఎండకు కాయలు మెత్తబడతాండాయి. నువ్వు పిచ్చోడివో మంచోడివో మండీ కాడ చూసుకుందాం. ఏం చేయాలో చెప్పు."

ఆనందయ్య చెప్పాడు. ఖాళీ బండి లోడు బండిని లాగితే వెనక చక్రాలు నేల మీద జారుతాయే తప్ప పట్టవు. బరువు ఉంటేనే పట్టు. కాబట్టి సగం బుట్టలు తన బండిలోకి మార్చాలి. ఆమె కొంగు నడుముకు దోపి దిగింది. ఇద్దరూ బుట్టలు మార్చారు. అతను భుజం పట్టుకోవడం చూసి మధ్యలో ఆమె, "నువ్వు పైనుండి అందుకో, నేను ఇస్తా" అంది. ఒకరు అందిస్తే తను అందుకుని పని చేసి ఎన్నాళ్ళయిందో ఆనందయ్యకు తట్టలేదు. చీనీ కాయల వాసన బండంతా నిండింది. రాళ్ళకు వాసన ఉండదు.

తాడు తేవడానికి ఎడమ తలుపు తీస్తే ఆమె లోపలికి తొంగి చూసింది. సీటు మీద తాడు చుట్ట ఉన్న చోట గుండ్రంగా గుంట పడి ఉంది.

"శానా కాలం కూసున్నట్టుందే ఇది."

"అవునమ్మా."

అతను బోర్లా పడుకుని రెండు బండ్ల కొక్కేలకూ తాడు కట్టాడు. బరువుకు ముడి బిగుసుకుపోతుందని, కట్టేటప్పుడు మధ్యలో ఒక కట్టెపుల్ల దూర్చడం స్టాండులో అందరికీ అలవాటు. ఊరు చేరాక ఆ పుల్ల లాగేస్తే ముడి దానంతట అదే వదులవుతుంది. పుల్ల లేకుండా కట్టినవాణ్ణి అజ్మతుల్లా సాయంత్రం దాకా ఎగతాళి చేసేవాడు. ఈ రోజు ఆనందయ్య తన బండి ముడిలో పుల్ల పెట్టాడు గానీ, రెండో ముడికి మరిచిపోయాడు. వెనక బండి కొక్కెం దగ్గర ముడి వేసి, రెండుసార్లు లాగి చూసి, లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"మీరు కూసోండి స్టీరింగు ముందర. తాళం తీయొద్దు, తీస్తే స్టీరింగు బిగుసుకుంటాది. ఇంజిన్ లేకుంటే బ్రేకు రాయి మాదిరి ఉంటాది, లేసి నిలబడి తొక్కాల. తాడు నేలకు తగలకుండా చూసుకోవాల. వదులైతే కొంచెం బ్రేకు, బిగిస్తే వదిలేయండి."

"ట్రాక్టర్ తోలినా నేను. నాకు నేర్పిస్తాండావు."

"తోలేది వేరు, తోలించుకునేది వేరమ్మా. ఒక హారన్ కొడితే పోదామని. రెండు కొడితే ఆపమని."

"మూడు కొడితే?"

"మూడు ఎప్పుడూ కొట్టలేదు."

అతను ముందు బండి ఎక్కి, బతిమాలి, స్టార్ట్ చేసి, ఒక హారన్ కొట్టాడు. వెనక నుంచి ఒక హారన్ పలికింది. తాడు నేల మీది నుంచి మెల్లగా లేచింది, నిటారుగా బిగిసింది, రెండు బండ్లూ ఒక్కసారి ఉలిక్కిపడి కదిలాయి.

రెండో గేరులోనే ప్రయాణం. అద్దంలో వెనక బండి, దాని వెనక దుమ్ము. కొంచెం దూరం పోయాక ఆనందయ్య మళ్ళీ ఒక హారన్ కొట్టాడు. అవసరం ఏమీ లేదు. వెనక నుంచి జవాబు వచ్చింది. మలుపు దగ్గర కొట్టాడు. జవాబు. చింతచెట్టు దగ్గర కొట్టాడు. జవాబు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు కొట్టి, బాగుందని చెప్పినట్టు విన్నాడు. ఎత్తు వచ్చింది. బండి దమ్ము తీసుకుంది, దగ్గింది, ఈసారి మాత్రం ఆలోచించలేదు. చీనీ బుట్టల బరువుకు వెనక చక్రాలు రోడ్డును కరిచి పట్టుకున్నాయి. ఆనందయ్య కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి బొటనవేలు చూపించాడు. చూపించాక గానీ అది ఎవరి అలవాటో గుర్తుకు రాలేదు. చెయ్యి కాసేపు అలాగే బయట ఉంచాడు.

ఎత్తు దిగాక వెనక నుంచి రెండు హారన్లు వినపడ్డాయి. ఆపాడు. పరుగున పోయాడు.

"ఏమయిందమ్మా?"

"ఏమయింది? నువ్వేంటికి ఆపినావు?"

"రెండు కొట్టినారు గదా."

"ఎనుము అడ్డమొస్తే కొట్టినా."

"నాకు కొట్టినారనుకుంటి."

"నీకు కొట్టాలంటే ఇప్పటిదాకా పదిసార్లు కొట్టాల. ఊరికూరికే హారన్ కొడతాండావు, ఏమో ఏమో అని నా గుండె అదురుతాంది. జవాబు ఇయ్యకుంటే నువ్వు ఆపేస్తావేమోనని కొడతాండా."

ఆనందయ్య తల వంచుకుని, తాడు ఒకసారి తడిమి, పోయి బండి ఎక్కాడు. ఆ తర్వాత హారన్ కొట్టలేదు. కాస్త దూరం పోయాక వెనక బండే ఒకసారి కొట్టింది. చుట్టుపక్కల ఎనుము లేదు. మనిషి లేడు. అతను జవాబు కొట్టాడు.

పులివెందులలో చీనీ కాయల మండీ ముందు బండ్లు ఆగేసరికి వేలం అప్పుడే మొదలైంది. ప్రమీలమ్మ డ్రైవరు మెకానిక్‌తో సహా గేటు దగ్గర టీ తాగుతూ దొరికాడు. ఆమె అతన్ని అనవలసిన నాలుగు మాటలూ అని, బుట్టలు దించి కాయలు వేలానికి పెట్టమని తరిమింది. హమాలీలు రెండు బండ్లనూ ఖాళీ చేసి పోయారు. మెకానిక్ బానెట్ ఎత్తబోయాడు. ఆనందయ్య ముందు తాడు విప్పుకోనిమ్మన్నాడు.

తన బండి వైపు ముడి పుల్ల లాగగానే వచ్చింది. వెనక బండి వైపు ముడి రాలేదు. లాగి లాగి రాయి అయింది.

"కోసేద్దాం అప్పా, కత్తి ఉంది" అన్నాడు మెకానిక్.

"కొయ్యకూడదు."

"ఎందుకు కొయ్యకూడదు?" ప్రమీలమ్మ అడిగింది. మెకానిక్‌కు పని ఉన్నట్టుంది, తర్వాత వస్తానని పోయాడు. ఆమె పోలేదు. ఒక ఖాళీ బుట్ట బోర్లించి అతని పక్కన కూర్చుంది. "చెప్పు. ఏంది ఈ తాడు కత?"

ఆనందయ్య గోళ్ళతో ముడిని గిల్లుతూ చెప్పాడు. స్టాండు సంగతి, కట్టుబాటు సంగతి, ముద్దనూరు ఎండ సంగతి, ఈ సాయంత్రం షెడ్డుకు పోయే బండి సంగతి చెప్పాడు. అజ్మతుల్లా బొటనవేలు గురించి చెప్పేటప్పుడు తన బొటనవేలు ఎత్తి చూపించాడు. టీ వచ్చింది. ఆమె తన గ్లాసుతో పాటు అతని గ్లాసూ పట్టుకుని, అతను చెయ్యి చాపినప్పుడల్లా ఇచ్చింది. యేసమ్మ సంగతి అడగకుండానే వచ్చింది. ఎడమ సీటులో ఆమె కూర్చునేదని, లోడు ఎక్కువైతే బండి బరువు తగ్గించడానికి కాళ్ళు పైకి ఎత్తి కూర్చునేదని చెప్తే ప్రమీలమ్మ పక్కకు తిరిగి నవ్వింది.

"అయితే ఇది ఇప్పుడు నాది."

"మీదే. రోడ్డు మీద ఎవురన్నా ఆగింటే లాగాల. లాగి వాళ్ళకాడ వదిలిపెట్టాల."

"ఎవురన్నా ఆగింటే నేను ఇంతవరకూ దిగి సూడలే. మా డ్రైవరుకు చెప్పి పోనియ్యమనేదాన్ని." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఇంగ సూడాలేమో. ఈ బరువు నాకు పెట్టి, నువ్వు బండి ఇచ్చేసి సల్లగా పోతాండావా? యాడికి పోతావు?"

"ప్రొద్దుటూరుకు. బస్సుంది."

"బస్సు ఉంటాదిలే. ఇంట్లో ఎవురుండారు?"

"గడియారం ఉంది" అన్నాడు ఆనందయ్య. నవ్వించాలనే అన్నాడు. ఆమె నవ్వలేదు.

జేబులో ఫోను మోగింది. షెడ్డు యశ్వంత్. ఎడమ చేత్తో ఎత్తి, కుడి చెయ్యి ముడి మీది నుంచి తీయకుండా, "వస్తాండానప్పా. ముడి ఒకటి రాలేదు. అది వస్తూనే నేను వస్తా" అన్నాడు. అవతల నుంచి షెడ్డు మూసే వేళ గురించి ఏదో వినపడింది. ఫోను పెట్టేశాడు. మండీలో వేలం కేకలు తగ్గాయి. ఎవరిదో లారీ కాయలు నింపుకుని పోయింది. ప్రమీలమ్మ డ్రైవరు దూరం నుంచి, ధర బాగానే పలికిందని చెయ్యి ఊపాడు. ఆమె తల ఊపి, లేవకుండా అక్కడే కూర్చుంది.

"పుల్ల పెట్టి కట్టింటే బాగుండు" అన్నాడు ఆనందయ్య. "ఎప్పుడూ పెడతా. ఈపొద్దే మరిసిపోయినా."

"మరిసిపోయినావా?"

అతను తల ఇంకా వంచి ముడి మీదికి పోయాడు. వేళ్ళు నల్లబడ్డాయి. ఒక పోగు కదిలింది. దాని వెనక ఇంకొకటి. బొటనవేలి కింద ముడి ఒక్కసారిగా మెత్తబడింది, పండిన కాయ మాదిరి. ఇక లాగితే చాలు. లాగి, చుట్ట చుట్టి, ఆమె బండి ఎడమ సీటులో పెడితే, అజ్మతుల్లా అప్పగించిన పని అయిపోతుంది. షెడ్డు పక్క సందులోనే ఉంది. బస్టాండు అంతకంటే దగ్గర.

ఆనందయ్య ముడి మీద పిడికిలి బిగించాడు.

"వచ్చిందా అప్పా?"

"ఇంగా లేదమ్మా" అన్నాడు.

ప్రమీలమ్మ చూసింది. అతని పిడికిలి కింది నుంచి తాడు కొస వదులుగా వేలాడుతోంది. ఆమె దాని వైపు కాసేపు చూసి, తర్వాత గేటు దగ్గరి టీ అంగడి వైపు తిరిగి, చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించింది.

"నిదానంగా ఇప్పు" అంది, బుట్టను కాస్త నీడలోకి జరుపుకుంటూ. "నాకేం తొందర లేదు."